అప్పిచ్చేది ఒకరు, బండి లాగేది ఇంకొకరు

మున్సిపల్ కౌన్సిల్ అజెండా కాగితాలు తెప్పించుకుని చదవడం నాకున్న అలవాట్లలో ఒకటి. ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బు కింద లెక్కేస్తారు. కానీ ఒక ఊరు దేన్ని ముఖ్యమనుకుంటోందో ఆ కాగితాలు చెప్పినంత సూటిగా ఏ నాయకుడి ప్రసంగమూ చెప్పదు. మా పట్టణం అజెండాల్లో కాలువల పూడికతీత ఉంటుంది, సీసీ రోడ్లు ఉంటాయి, ట్రాక్టర్ల అద్దె బిల్లులు ఉంటాయి, బోరు మోటార్ల మరమ్మతులు ఉంటాయి. తోపుడు బండ్లవాళ్ళు, రోడ్డు పక్కన గోనెపట్టా పరచుకుని కూరగాయలు అమ్మేవాళ్ళు మాత్రం రెండే అంశాల్లో కనబడతారు. ఒకటి ఆశీలు (రోడ్డు పక్క అమ్ముకునేవాళ్ళ దగ్గర రోజూ వసూలు చేసే రుసుము) వేలం, రెండోది ఆక్రమణల తొలగింపు. మొదటిదాంట్లో వాళ్ళు ఆదాయం, రెండోదాంట్లో అడ్డంకి. ‘మా ఊరి చిరు వ్యాపారుల కోసం ఫలానా ఏర్పాటు చేస్తున్నాం, మా వంతుగా ఇంత పెడుతున్నాం, మిగతాది రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి’ అనే తీర్మానం ఒక్కటైనా నా కంటపడలేదు.

ఆ తీర్మానం ఎందుకు కావాలో చెప్పడానికే ఈ వ్యాసం. వీధి వ్యాపారికి అప్పు ఇప్పించడం కేంద్రం పని అనీ, పథకానికి పేరు పెట్టడం రాష్ట్రం పని అనీ, మధ్యలో తాము సంతకాలు పెట్టే గుమాస్తాలమనీ మన పురపాలక సంఘాలు అనుకుంటున్నాయి. ఆ గుమాస్తా పాత్ర వదిలి, చిరు వ్యాపారాలకు రాష్ట్రం డబ్బు పెట్టాల్సిందేనని గట్టిగా అడిగేవాళ్ళుగా అవి మారాలన్నది నా వాదన. అడగడానికి వాటికి హక్కుంది. అడిగే ముందు చేయాల్సిన పని కూడా ఉంది.

ముందు అప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే ఇప్పటిదాకా జరిగిన మంచి అంతా అక్కడే ఉంది. పీఎం స్వనిధి 2020 జూన్ 1న మొదలైంది. లాక్‌డౌన్‌లో సరుకూ పెట్టుబడీ రెండూ పోగొట్టుకున్న వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా మొదట 10 వేలు, అది సరిగ్గా తీరిస్తే 20 వేలు, ఆ తర్వాత 50 వేలు. సకాలంలో కట్టినవారికి ఏడాదికి 7 శాతం వడ్డీ రాయితీ. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దీని గడువును 2030 మార్చి 31 దాకా పొడిగించి, మొదటి విడతను 15 వేలకు, రెండో విడతను 25 వేలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో జగనన్న తోడు పేరుతో 10 వేల రూపాయల వడ్డీ లేని రుణాలు వచ్చాయి. ఇంకా వెనక్కి వెళితే ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాలకు పావలా వడ్డీ ఉండనే ఉంది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో పాటు మారిపోతుంటాయి గానీ, పేదవాడి పెట్టుబడికి వడ్డీ భారం తగ్గించాలన్న ఆలోచన మన రెండు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీకీ కొత్త కాదు.

ఆ భారం ఎంతో తెలియాలంటే రోజువారీ ఫైనాన్స్ లెక్క ఒకసారి వేయాలి. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం ఏడింటికల్లా చిన్న పుస్తకం పట్టుకుని మోటారు సైకిలు మీద కుర్రాడు వస్తాడు. వినడానికి ‘వెయ్యి రూపాయలే కదా’ అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి, ఏడాది లెక్కన అది సుమారు 77 శాతం వడ్డీ. ముందే పట్టుకునేది పదిహేను వందలైతే నూరు శాతం దాటుతుంది. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు అంతా ఉలిక్కిపడ్డారు గానీ, అందులోని దౌర్జన్యాన్ని పక్కనపెట్టి వడ్డీ ఒక్కటే చూస్తే, దానికి దగ్గరి చుట్టాలు ప్రతి ఊరి మార్కెట్ సెంటర్లోనూ రోజూ తిరుగుతూనే ఉన్నారు. కాబట్టి స్వనిధి లాంటి పథకాన్ని నేను తీసిపారేయను. పదివేలే అయినా, ఆ పదివేలు ఆ పుస్తకం కుర్రాడి నుంచి తప్పించుకునే దారి.

అయితే ఒక అంకె నన్ను వదలడం లేదు. 2025 జులై చివరికి ఈ పథకం కింద 68 లక్షల మందికి పైగా వీధి వ్యాపారులకు 96 లక్షలకు పైగా రుణాలు, మొత్తం 13,797 కోట్లు ఇచ్చామని కేంద్రం ప్రకటించింది. గొప్పగా చెప్పుకోదగ్గ అంకెలే. కానీ తీసివేత చేయండి. 68 లక్షల మందికీ తలా ఒక మొదటి రుణం పోగా మిగిలేది 28 లక్షలు. రెండో విడత, మూడో విడత కలిపి అంతే. అంటే ఎంత ఉదారంగా లెక్కవేసినా 40 లక్షల మంది మొదటి మెట్టు మీదే ఉన్నారు. అందులో కొందరు ఇంకా వాయిదాలు కడుతూ ఉండవచ్చు, కొందరికి మళ్ళీ అప్పు అక్కర్లేకపోయి ఉండవచ్చు. మిగిలినవాళ్ళ సంగతేమిటి? అప్పు తీసుకున్న వ్యాపారం రెండో అప్పు అందుకునేదాకా నిలబడకపోతే లోపం అప్పులోనే ఉండనక్కర్లేదు. వ్యాపారం చేసుకునే చోటులో ఉండవచ్చు.

మా ఊరి బస్టాండు రోడ్డులో ఆకుకూరలు అమ్మే ఒకావిడ ఉన్నారు. నేను పిన్నీ అని పిలుస్తాను. గోనెపట్టా మీద గోంగూర, తోటకూర, చుక్కకూర కట్టలు, పక్కన పచ్చిమిర్చి, టమాటాలు, వాటికో చిన్న ఎలక్ట్రానిక్ కాటా. నల్లగొడుగు ఒకటి ఇనుప గొట్టంలో దిగ్గొట్టి ఉంటుంది. ఆవిడ రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ సంచిలో రెండు రకాల కాగితాలుంటాయి. మొదటిది మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు. దాన్ని చూపించే ఆవిడ బ్యాంకులో అప్పు తెచ్చుకున్నారు. రెండోది ఆశీలు రసీదుల కట్ట, రోజుకొకటి, సన్నటి గులాబీ రంగు కాగితం. ఒక పొద్దుటిపూట ఆ రసీదు చింపి ఇచ్చిన గంటకే ఆక్రమణల తొలగింపు లారీ వచ్చింది. కాటా, గొడుగు, రెండు ట్రేల టమాటాలు అందులోకి వెళ్ళిపోయాయి. ఏం తీసుకెళ్ళారో రాసిచ్చిన కాగితం లేదు.

“కాటా లేకపోయినా ఆకుకూర కట్టల లెక్కన అమ్ముకుంటాను బాబూ, గొడుగు లేకపోతే పదింటికల్లా సరుకంతా వడిలిపోతుంది” అన్నారావిడ. కాటా కొన్నాళ్ళకు వచ్చింది. గొడుగు రాలేదు. టమాటాల సంగతి అడగడం కూడా అనవసరం. బ్యాంకు వాయిదా మాత్రం తేదీ తప్పకుండా వచ్చింది.

ఆవిడకు కార్డు ఇచ్చినదీ, అప్పుకు సిఫార్సు చేసినదీ, రసీదు చింపినదీ, లారీ పంపినదీ ఒకే కార్యాలయం. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) విభాగం ఒక గదిలో, టౌన్ ప్లానింగ్ ఇంకో గదిలో. మెప్మా రిసోర్స్ పర్సన్లు ఎండలో వీధి వీధీ తిరిగి దరఖాస్తులు నింపించి, ఫోనులో క్యూఆర్ కోడ్ ఎలా వాడాలో నేర్పి వస్తారు. పక్క గదిలోంచి ఒక ఉత్తర్వు వెళితే ఆ కష్టమంతా ఒక పూటలో బూడిదవుతుంది. అందుకే ఈ రెండు గదుల మధ్య తలుపు తెరవకుండా ఎన్ని కోట్లు పంచినా లాభం లేదంటాను.

మరి చట్టం ఏమంటోంది? వీధుల్లో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానికి సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. పాతికేళ్ళ తర్వాత, 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. నిజం చెప్పాలంటే అది మంచి చట్టం. అయిదేళ్ళకొకసారైనా వ్యాపారుల సర్వే జరపాలి. పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు కల్పించాలి. అంటే లక్ష జనాభా ఉన్న ఊళ్ళో రెండున్నర వేల మందికి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఖాళీ చేయించాలన్నా ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టుకెళ్ళిన సరుకుకు జాబితా ఇవ్వాలి. యజమాని అడిగితే పాడైపోయే సరుకును అదే రోజు, మిగతా వస్తువులను రెండు పనిదినాల్లో తిరిగి ఇచ్చేయాలి. టమాటా పాడైపోయే సరుకేనని అధికారులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాను.

ఇదే చట్టం ప్రతి ఊళ్ళోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలంది. కమిషనర్ అధ్యక్షుడు, సభ్యుల్లో కనీసం 40 శాతం వ్యాపారులే, వాళ్ళలో మూడోవంతు మహిళలు. ఎక్కడ అమ్ముకోవచ్చు, ఎక్కడ కూడదు అన్నది ఈ కమిటీని సంప్రదించే తేల్చాలి. మీ ఊళ్ళో ఈ కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని అడిగి చూడండి. కార్యాలయంలో చాలామంది ముఖముఖాలు చూసుకుంటారు.

చట్టంలో ఒక పెద్ద ఖాళీ కూడా ఉంది. సర్వే చేయాలి, చోటు చూపాలి అని ఆదేశించింది గానీ, ఆ చోటును నలుగురు నిలబడి వ్యాపారం చేసుకునేలా తీర్చిదిద్దే డబ్బు ఎక్కడినుంచి రావాలో చెప్పలేదు. అప్పు, బీమా లాంటి ప్రోత్సాహకాల దగ్గరికొచ్చేసరికి ‘ప్రభుత్వం చేపట్టవచ్చు’ అని మెత్తగా తేల్చేసింది. ‘చేపట్టవచ్చు’ అన్నచోట ఎవరో ఒకరు గట్టిగా అడిగితేనే ఏదైనా జరుగుతుంది. అడగాల్సింది ఎవరు? ఆ వ్యాపారి రోజూ ఎవరికి ఆశీలు కడుతున్నాడో వాళ్ళే.

‘మున్సిపాలిటీల దగ్గర డబ్బులెక్కడున్నాయి, జీతాలకే కటకట’ అని వెంటనే ఎవరో అంటారు. ఒప్పుకుంటాను. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పేదరిక నిర్మూలనతో సహా 18 అంశాలను పన్నెండో షెడ్యూల్లో పెట్టి, అవి పురపాలక సంఘాలకు అప్పగించదగ్గవంది. పనుల జాబితా కిందికి వచ్చింది, ఖజానా తాళం పైనే ఉండిపోయింది. అయిదేళ్ళకొకసారి వేయాల్సిన రాష్ట్ర ఆర్థిక సంఘాలు ఈ తాళం సంగతి తేల్చాలి. అవి ఎప్పుడు వచ్చాయో, ఏం చెప్పాయో, చెప్పినదాంట్లో ఎంత అమలైందో సామాన్య పౌరుడి చెవిన పడిన సందర్భాలు తక్కువ. కానీ ఈ పేదరికమే నా వాదనకు బలం. సొంతంగా చేయలేనివాడు అడగాలి. అడగకుండా, చేయకుండా, వేలంపాటలో ఆశీలు మాత్రం పాడించుకుంటే దాన్ని పేదరికం అనలేం.

తెలంగాణలో దీన్ని తైబజారు అంటారు, మా వైపు ఆశీలు. పేరేదైనా పద్ధతి ఒకటే. వసూలు హక్కును వేలం వేస్తారు, పాడుకున్న కాంట్రాక్టరు తన డబ్బు, దానిమీద లాభం రాబట్టుకోవాలి కదా, బండి బండికీ తిరుగుతాడు. బోర్డు మీద రాసిన రేటుకూ చేతిలో పెట్టాల్సిన దానికీ మధ్య తేడా ఉంటే అడిగే నాథుడు ఉండడు. ఏడాదికి వచ్చే ఈ వేలం సొమ్ము సాధారణ నిధిలో కలిసిపోతుంది. నా మొదటి డిమాండు దీనిమీదే: ఆశీలు రూపంలో వచ్చిన ప్రతి రూపాయినీ వేరే ఖాతాలో వేసి, వీధి వ్యాపారుల వసతులకే ఖర్చు చేయాలని కౌన్సిల్ తీర్మానించాలి. ఇది చిన్న మొత్తమే. కానీ రాష్ట్రం ముందు నిలబడి ‘ఇదిగో మా వాటా’ అని చూపించడానికి ఇంతకంటే మంచి పునాది లేదు.

వాటా మాట ఎందుకంటున్నానంటే, ఈ ఏర్పాటు బాగా పనిచేసే చోటొకటి ఉంది. అమెరికాలో చిన్న వ్యాపారాలకు ఉచితంగా సలహాలిచ్చే స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్లు 1980 చట్టంతో స్థిరపడ్డాయి. అక్కడ చిన్న హోటలో, కిరాణా కొట్టో పెట్టుకున్న తెలుగువాళ్ళలో కొందరికైనా వీటితో పరిచయం ఉండే ఉంటుంది. ఆ చట్టంలో ఒక మెలిక పెట్టారు. కేంద్ర ప్రభుత్వం ఒక డాలరు ఇవ్వాలంటే, స్థానికంగా రాష్ట్రమో విశ్వవిద్యాలయమో ఇంకొకరో మరో డాలరుకు సరిపడా సమకూర్చాలి. ఆ మెలిక వల్ల స్థానిక ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చునే వీలు లేకుండా పోయింది. రాష్ట్ర బడ్జెట్లో తమ ఊరి సెంటరుకు డబ్బు కోసేస్తారని తెలిస్తే కౌంటీలు, నగరాలు తీర్మానాలు చేసి శాసనసభ్యులకు పంపుతాయి. తమ సొంత డబ్బు అందులో ఉన్నప్పుడు దాన్ని కాపాడుకోవాలనే తహతహ దానంతటదే వస్తుంది. ఆ దేశంలోని ప్రతిదీ ఇక్కడికి దిగుమతి చేసుకోవాలన్న మోజు నాకు లేదు. ఆకుకూరల పిన్నికి వ్యాపార ప్రణాళిక ఎలా రాయాలో నేర్పే సలహాదారు అక్కర్లేదు, ఆవిడే ఇంకొకరికి నేర్పగలరు. కానీ ఆ మెలిక మాత్రం మనకూ పనికొస్తుంది.

అలాంటిది మన దగ్గర పూర్తిగా కొత్త కూడా కాదు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాయి. వాటి నిర్వహణ మీద నాకు సవాలక్ష ఫిర్యాదులున్నాయి, అందులో సగం రైతు కార్డుల గురించే. అయినా ఇన్నేళ్ళలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది. ఆ బజార్లు చాలాచోట్ల ఇంకా పొద్దున్నే తెరుచుకుంటున్నాయి. అప్పు పథకాల్లో ఏదైనా అంతకాలం ఒకే పేరుతో బతికిందా? బోర్డు మీద ధరలు రాసి, షెడ్డు వేసి, నీటి కుళాయి పెట్టి, ‘ఇది నీ చోటు’ అని చూపిస్తే దాన్ని రద్దు చేయడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. నెల్లూరులో మైపాడు రోడ్డు మీద మెప్మా ఆధ్వర్యంలో కంటైనర్ దుకాణాలతో స్మార్ట్ స్ట్రీట్ పెట్టారు. ఆ ఆలోచన నాకు నచ్చింది, ఆర్భాటం నచ్చలేదు. రంగుల కంటైనర్లు అందరికీ అక్కర్లేదు. ఆకుకూరలు అమ్మేవారికి కావలసింది నీడ, నీళ్ళు, రాత్రి కాటా దాచుకునే ఇనుప పెట్టె, సాయంత్రానికి ఒక దీపం. అన్నిటికంటే ముందు, మరుగుదొడ్డి.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అజెండాల్లో ఎన్నడూ రాని విషయం ఇదే. పొద్దున అయిదింటికి మార్కెట్ యార్డులో సరుకు ఎత్తుకుని, రాత్రి ఎనిమిదింటిదాకా రోడ్డు మీద కూర్చునే ఆడవాళ్ళు దాహమేసినా నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళడానికి చోటు లేదు. పక్కన హోటలువాడు రానిస్తాడన్న నమ్మకం లేదు, బస్టాండు దాకా వెళ్ళాలంటే సరుకు చూసేవాళ్ళుండరు. మూత్రకోశ సమస్యలతో మందుల షాపుకు పోసే డబ్బు ఆ 7 శాతం వడ్డీ రాయితీ కంటే ఎక్కువే ఉంటుందని నా అనుమానం. పదివేల మీద ఏడాది రాయితీ గట్టిగా లెక్కేసినా కొన్ని వందలు. ఒక ఆసుపత్రి చీటీకి అది చాలదు. చిరు వ్యాపారానికి సాయం అన్న పద్దు కింద మరుగుదొడ్డి కట్టడాన్ని చేర్చని ప్రభుత్వానికి, అది ఏ స్థాయిదైనా సరే, చిరు వ్యాపారం ఎవరు చేస్తున్నారో తెలియదనే అంటాను.

వ్యతిరేకించేవాళ్ళలో నేను గౌరవించేది ఒక్కరినే: బండ్ల వెనక షట్టరున్న దుకాణదారుని. ఆయన అద్దె కడతాడు, ట్రేడ్ లైసెన్సు తీసుకుంటాడు, కరెంటు బిల్లు వాణిజ్య రేటులో కడతాడు. మెట్ల ముందు పండ్ల బండి నిలబడితే గిరాకీ లోపలికి రాదు. ‘పన్ను కట్టేది నేను, సాయం వాళ్ళకా?’ అని ఆయన అడిగితే నోరు మూయించే సమాధానం నా దగ్గర లేదు. కానీ ఆయన గొడవ సాయంతో కాదు, చోటు తేల్చకపోవడంతో. హైదరాబాదులో గ్రీన్, యాంబర్, రెడ్ జోన్లు అని కాగితం మీద విడదీసినట్టు, ప్రతి పట్టణమూ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ ఏ వేళల్లోనే కుదురుతుంది, ఎక్కడ అసలు కుదరదు అని గీత గీసి దానిమీద నిలబడితే, ఆయన మెట్లు ఆయనకు దక్కుతాయి. ఇవాళ ఆ గీత లేదు గనక లారీ ఉంది. లారీ వచ్చి వెళ్ళిన మర్నాడు బండ్లు మళ్ళీ అక్కడే ఉంటాయని ఆయనకూ తెలుసు. నడిచేవాళ్ళ ఇబ్బందికీ ఇదే జవాబు.

మిగతా అభ్యంతరాలు, ‘ఉచితాలు ఇచ్చి సోమరులను చేస్తున్నారు’ లాంటివి, పద్నాలుగు గంటలు ఎండలో కూర్చునేవాళ్ళ గురించి చెప్పేటప్పుడు కాస్త సిగ్గుపడి చెప్పాలి. వాటికింతకంటే చోటివ్వను.

కౌన్సిల్ నుంచి నేను కోరే తీర్మానం ఒక పేజీ దాటదు. సర్వే ఫలానా తేదీకి పూర్తి చేస్తాం. వెండింగ్ కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటుంది, దాని నిర్ణయాలు నోటీసు బోర్డు మీద ఉంటాయి. ఫలానా సర్వే నంబరులోని మున్సిపల్ స్థలం, ఫలానా రోడ్డులో ఫలానా వైపు, వ్యాపారులకు కేటాయిస్తున్నాం. ఆశీలు ఆదాయం మొత్తం వాటి వసతులకే. దీనికి సమానమైన మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఏటా బడ్జెట్లో పెట్టాలని కోరుతున్నాం. సమానం అని ఊరికే అనడం లేదు. చిన్న పురపాలక సంఘానికి ఒకటికి రెండు ఇవ్వమన్నా తప్పు లేదు, పెద్ద కార్పొరేషన్‌కు ఒకటికి ఒకటి చాలు. ఇలాంటి తీర్మానం ఒక ఊరి నుంచి వస్తే సచివాలయంలో ఫైలు కింద పడిపోతుంది. యాభై ఊళ్ళ నుంచి వస్తే పురపాలక శాఖ మంత్రి సమాధానం చెప్పాలి.

దీనికి ఎన్నికైన కౌన్సిల్ అంటూ ఉండాలి కదా అనే చిక్కు కూడా ఉంది. తెలంగాణలో చాలా పురపాలక సంఘాల గడువు 2025 జనవరిలో ముగిశాక నెలల తరబడి ప్రత్యేకాధికారులే పాలించారు. ప్రత్యేకాధికారి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. తనను నియమించిన ప్రభుత్వాన్నే డబ్బు ఇమ్మని తీర్మానం చేసి నిలదీసే అధికారి ఉంటే ఆయనకు నా నమస్కారం. ఎన్నికలు వాయిదా పడినప్పుడల్లా నష్టపోయేది పదవులు ఆశించేవాళ్ళే అనుకుంటాం. ఊరి తరఫున అడిగే నోరు కూడా అప్పుడే పోతుంది.

ఈ లెక్కలన్నీ రాసి మా వార్డు కౌన్సిలరుకు ఇచ్చాను. ఆయన ఓపిగ్గా చదివి, “ఆశీలు పాడుకున్నవాళ్ళు ఊరుకోరండీ” అన్నారు. ఆ కాంట్రాక్టరు ఏ వార్డు నాయకుడి బావమరిదో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే కాగితం నకళ్ళు తీయించి మిగతా సభ్యులకు కూడా పంచుతున్నాను. పిన్ని గోనెపట్టా మీద కూడా ఒకటి ఉంది. చదవమని కాదు, కొనడానికి వచ్చేవాళ్ళు చదువుతారని.